ఎన్నికల్లో విదేశీ వేలు: పట్టుకోవడం ఒక ఎత్తు, ఎప్పుడు చెప్పాలన్నది ఇంకో ఎత్తు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "పరాయి దేశాలు ఎన్నికల్లో వేలు పెడితే నిఘా సంస్థలు ఎలా ఆపుతాయి? ఆ సంస్థల అధిపతులు అప్పుడు నిజంగా చేసే పని ఏమిటి? ఓటింగ్ యంత్రాలు హ్యాక్ కాకుండా చూసుకుంటే సరిపోదా?"

చివరి ముక్కకే ముందు జవాబు. సరిపోదు. దాడి చేసేవాడికి యంత్రం దాకా వెళ్లాల్సిన పనే చాలాసార్లు ఉండదు. అమెరికాలో ఎన్నికలు నడిపేది ఫెడరల్ ప్రభుత్వం కాదు. 50 రాష్ట్రాలు, వాటి కింద వేలాది కౌంటీలు, పట్టణాలు ఆ పని చూస్తాయి. ఒక్కో చోట ఒక్కో రకం యంత్రం, ఎక్కువ చోట్ల కాగితం బ్యాలెట్. అన్నింట్లోకీ దూరి లెక్క మార్చడం తలకు మించిన పని. 2020 ఎన్నికల గురించి 2021 మార్చిలో అమెరికా నిఘా సంస్థలు బయటపెట్టిన అంచనాలోనూ ఇదే ఉంది: ఓటరు నమోదు, ఓటు వేయడం, లెక్కింపు, ఫలితాల వెల్లడి వీటిలో దేన్నీ సాంకేతికంగా మార్చడానికి ఏ విదేశమూ ప్రయత్నించిన జాడ కనిపించలేదు. అదే అంచనాలో రష్యా, ఇరాన్ ఓటరు మనసు మార్చడానికి పనిచేశాయని కూడా ఉంది. తలుపు గట్టిగా ఉంటే దొంగ దొడ్డిదారి వెతుక్కుంటాడు. ఆ దొడ్డిదారులు నాలుగు: పార్టీల మెయిళ్లు, ఓటర్ల జాబితా, ఫలితాలు చూపించే వెబ్‌సైట్, జనం చేతిలోని ఫోన్.

మొదట వెబ్‌సైట్ సంగతి, ఎందుకంటే దీన్ని తక్కువగా చూస్తారు. 2014 మే 25న ఉక్రెయిన్ అధ్యక్ష ఎన్నిక. నాలుగు రోజుల ముందే అక్కడి కేంద్ర ఎన్నికల సంఘం నెట్‌వర్క్ మీద దాడి జరిగి వ్యవస్థ కుప్పకూలింది. బ్యాకప్ ఉంది కాబట్టి మళ్లీ నిలబెట్టుకున్నారు. పోలింగ్ రోజున ఫలితాల వెల్లడికి గంట కూడా లేదనగా ఇంకో మాల్‌వేర్ బయటపడింది. దాన్ని తీసేయకపోయి ఉంటే, అతివాద నాయకుడు ద్మిత్రో యారోష్ 37 శాతంతో గెలిచినట్టు సైట్ చూపించేది. ఆయనకు నిజంగా వచ్చింది ఒక శాతం కూడా కాదు. తీసేశారు, గండం గడిచింది. అయినా ఆ రాత్రి రష్యా ఛానల్ వన్ అదే 37 శాతం బొమ్మను ఎన్నికల సంఘం సైట్ నుంచి వచ్చినట్టుగా ప్రసారం చేసింది. అసలు సైట్‌లో ఎన్నడూ పడని బొమ్మ అది. ఓట్లు కాగితం మీద ఉన్నాయి, లెక్క ఎక్కడికీ పోలేదు. కానీ ఫలితం మారిందన్న అనుమానం ఒక్క గంట నిలబడినా దాడి చేసినవాడి పని అయినట్టే.

అందుకే ఫలితాల సైట్‌ను లెక్కింపు నెట్‌వర్క్‌కు పూర్తిగా దూరంగా ఉంచుతారు. లెక్కింపు వైపు నుంచి సైట్‌కు సమాచారం వెళ్లాలే తప్ప సైట్ నుంచి వెనక్కు ఏమీ రాకూడదు. సైట్ పడిపోతే అంకెలు ఎక్కడ, ఎవరు చదువుతారో ముందే ప్రకటించి ఉంచాలి. మన దగ్గర ఇదే పని ఫారం 17సీ చేస్తుంది. పోలింగ్ ముగిశాక యంత్రంలో పడిన ఓట్ల సంఖ్య రాసి, ప్రిసైడింగ్ అధికారి ఏజెంట్లకు ఇచ్చే కాగితం అది. ఎవరో సైట్ మీద అంకె మార్చినా ఏజెంట్ల జేబుల్లో ఉన్న కాగితాలు మారవు. ఖరీదైన భద్రతా పరికరాల కంటే ఈ చిన్న కాగితానికే ఎక్కువ మార్కులు వేయాలి.

ఓటర్ల జాబితాకు ఉదాహరణ ఇల్లినాయ్. 2016 వేసవిలో రష్యా సైనిక నిఘా సంస్థ జీఆర్‌యూ ఆ రాష్ట్ర ఎన్నికల బోర్డు డేటాబేస్‌లోకి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌తో దూరింది. వెబ్ ఫారంలో పేరు రాయాల్సిన గడిలో పేరుకు బదులు డేటాబేస్‌కు ఆదేశం రాస్తే, వడపోత లేని సైట్ దాన్ని అలాగే అమలు చేసేస్తుంది. ఇరవై ఏళ్ల నాటి పాత కిటుకే. జూన్‌లో మొదలైన చొరబాటు జులైలో సర్వర్ మీద భారం ఒక్కసారిగా పెరిగాకే సిబ్బంది కంట్లో పడింది. 2018 జులైలో 12 మంది జీఆర్‌యూ అధికారుల మీద వేసిన అభియోగపత్రం ప్రకారం సుమారు 5 లక్షల మంది ఓటర్ల వివరాలు పోయాయి. ఏ వివరమూ మార్చిన ఆధారం దొరకలేదు. కానీ మార్చగలిగి ఉంటే ఏం జరిగేదో ఊహించడం మనకు కష్టం కాదు. 2018 డిసెంబరులో తెలంగాణ ఎన్నికల్లో ఓటరు కార్డు చేతిలో పట్టుకుని వచ్చి, జాబితాలో పేరు లేదని వెనుదిరిగిన వాళ్ల గొడవ గుర్తుండే ఉంటుంది. దాంట్లో ఏ విదేశం చెయ్యీ లేదు. ఎంచుకున్న కొన్ని వార్డుల్లో అలాంటి గల్లంతు సృష్టించగలిగితే చాలు, క్యూలు పెరిగి, గొడవలై, నమ్మకం పోతుంది.

దీనికి మందు పెద్ద విద్యేమీ కాదు. ఫారంలోని ప్రతి గడికీ వడపోత, డేటాబేస్ అడ్మిన్లకు రెండంచెల లాగిన్, ఒకే గంటలో మామూలు కంటే ఎక్కువ చిరునామాలు మారితే మోగే అలారం, రోజూ నెట్‌కు తగలని చోట దాచే కాపీ, పోలింగ్ కేంద్రంలో అచ్చు జాబితా, పేరు లేకపోయినా తాత్కాలికంగా ఓటు వేయించి తర్వాత తేల్చే ప్రొవిజనల్ బ్యాలెట్లు. ఈ బ్యాలెట్లు తక్కువ అచ్చు వేయించి, మధ్యాహ్నానికే అయిపోగొట్టుకునే కౌంటీ తన దగ్గరున్న ఆఖరి రక్షణను తానే తీసేసుకున్నట్టు.

ఇల్లినాయ్ తర్వాత జరిగింది ఇంకా పాఠం. తమ వ్యవస్థలను రష్యా తట్టి చూసిందని 21 రాష్ట్రాలకు అమెరికా అంతర్గత భద్రత చూసే హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ అధికారికంగా చెప్పింది 2017 సెప్టెంబరులో. దాదాపు ఏడాది ఆలస్యం. కారణం మరీ చిన్నది: హెచ్చరిక సర్వర్ యజమానికి, అంటే చాలాచోట్ల ఏ కాంట్రాక్టరుకో వెళ్లింది. ఎన్నికలు నడిపే రాష్ట్ర అధికారికి రహస్య సమాచారం చూసే క్లియరెన్స్ లేదు. నిఘా సంస్థకు తెలుసు, తెలియాల్సినవాడికి తెలియదు. ఆ తర్వాత ప్రతి రాష్ట్రంలో కొందరు ఎన్నికల అధికారులకు క్లియరెన్స్ ఇవ్వడం, 2018లో రాష్ట్రాల మధ్య సమాచారం పంచుకునే ఈఐ-ఐసాక్ అనే కేంద్రం పెట్టడం, అదే ఏడాది నవంబరులో సిసా అనే సైబర్ రక్షణ సంస్థ ఏర్పడటం, అన్నీ ఈ కన్నం పూడ్చడానికే. సంస్థ అధిపతి అడగాల్సిన మొదటి ప్రశ్న "మనకేం తెలుసు" అన్నది కాదు. "ఇది రాత్రి 2 గంటలకు తెలిస్తే, ఏ కౌంటీలో ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్లకు ఎంతవరకు చెప్పొచ్చు?" ఆ ఫోన్ నంబర్ల పట్టిక ఎన్నికలకు ఆరు నెలల ముందే ఉండాలి. అందులో ఉన్నవాళ్లకు ఒకసారైనా నిజంగా ఫోన్ చేసి చూడాలి.

పార్టీ మెయిళ్ల దగ్గర వైఫల్యం మరీ మానవ సహజం. 2015 సెప్టెంబరులో డెమొక్రాటిక్ పార్టీ జాతీయ కమిటీ నెట్‌వర్క్‌లో రష్యన్లు ఉన్నారని ఎఫ్‌బీఐ ఏజెంటు ఫోన్ చేశాడు. ఫోన్ హెల్ప్‌డెస్క్‌కు వెళ్లింది. అక్కడి కాంట్రాక్టు ఉద్యోగికి అవతల మాట్లాడేది నిజంగా ఎఫ్‌బీఐ అని నమ్మకం కుదరలేదు. రెండు ఆఫీసులూ వాషింగ్టన్‌లోనే, అయినా నెలల తరబడి ఎవరూ నడిచి వెళ్లి గుర్తింపు కార్డు చూపించలేదు. ఆ వ్యవస్థను శుభ్రం చేయడానికి పూనుకున్నది 2016 జూన్‌లో. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు కదా, ఇక్కడ కుక్క ముందే మొరిగింది, ఇంట్లోవాళ్లే లేవలేదు.

ఇంకో దెబ్బ 2016 మార్చి 19న. డెమొక్రాటిక్ అభ్యర్థి హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకు గూగుల్ పేరుతో మెయిల్: ఉక్రెయిన్ నుంచి ఎవరో మీ పాస్‌వర్డ్ వాడారు, వెంటనే మార్చుకోండి. సిబ్బంది అనుమానపడి ఐటీ మనిషిని అడిగారు. ఆయన "ఇది అసలైన మెయిలే" అని జవాబిచ్చాడు. నకిలీది అని రాయబోయి పొరపాటున అలా రాశానని తర్వాత చెప్పుకున్నాడు. నిజానికి ఆ జవాబులోనే గూగుల్ అసలు లింక్ ఇచ్చి, రెండంచెల లాగిన్ పెట్టుకోమనీ చెప్పాడు. నొక్కింది మాత్రం మొదటి మెయిల్‌లో ఉన్న లింక్. 50 వేలకు పైగా మెయిళ్లు పోయాయి.

దీనికి తిరుగులేని మందు యూఎస్‌బీ సెక్యూరిటీ కీ, అంటే లాగిన్ అయ్యేటప్పుడు కంప్యూటర్‌కు గుచ్చే చిన్న పరికరం. ఫోన్‌కు వచ్చే ఓటీపీని నకిలీ పేజీలో కొట్టించి దొంగిలించవచ్చు. కీ మాత్రం బ్రౌజర్‌లో ఉన్నది అసలు సైట్ చిరునామా అయితేనే సంతకం చేస్తుంది. మనిషి మోసపోయినా కీ మోసపోదు. 2017 తొలినాళ్ల నుంచి 85 వేలకు పైగా ఉద్యోగులకు దీన్ని తప్పనిసరి చేశాక ఫిషింగ్ వల్ల, అంటే ఇలాంటి నకిలీ మెయిళ్ల వల్ల, ఒక్క పని ఖాతా కూడా పోలేదని గూగుల్ 2018లో చెప్పింది. మనిషికి రెండు కీలు కొనాలి. ఒకటి పోతే ఇంకోటి ఉండాలి, లేకపోతే పోగొట్టుకున్న రోజునే హెల్ప్‌డెస్క్ రక్షణ తీసేసి పాత పద్ధతికి వెళ్లిపోతుంది. ఆఫీసు మెయిల్‌కు పెట్టి సొంత జీమెయిల్‌ను, మాజీ సలహాదారు ఖాతాను వదిలేయడం రెండో తప్పు. 2024లో ట్రంప్ ప్రచార బృందం మీద ఇరాన్ రివల్యూషనరీ గార్డ్ చేసిన దాడిలోనూ ఒక మాజీ సలహాదారు ఖాతానే మెట్టుగా వాడుకున్నారు. ఆ దొంగ పత్రాలు అందిన పెద్ద పత్రికలు 2016లోలా ఎగబడి అచ్చు వేయలేదు. దాడి వెనుక ఎవరున్నారన్నదే వార్తగా రాశాయి. అంటే లీక్‌కు గిరాకీ తగ్గించడం కూడా రక్షణలో భాగమే.

ఆ విషయంలో ఫ్రాన్స్ 2017లోనే ముందుంది. పోలింగ్ మే 7న. ప్రచార మౌనం మొదలవడానికి కాస్త ముందు, మే 5 రాత్రి మాక్రాన్ బృందం మెయిళ్లను నెట్‌లో గుమ్మరించారు. మౌనం మొదలయ్యాక అభ్యర్థి జవాబు చెప్పుకోలేడన్నది వాళ్ల లెక్క. కానీ దాడులు జరుగుతున్నాయని బృందానికి ముందే తెలుసు కాబట్టి, ఎరగా దొంగ ఖాతాలు పెట్టి అర్థంలేని పత్రాలతో నింపి ఉంచారు. ఏది నిజమో దొంగిలించినవాడికే తెలియని గందరగోళం. మౌనం మొదలయ్యేలోపే ఇందులో నకిలీవీ కలిశాయని ఒక ప్రకటన ఇచ్చారు, ఎన్నికల పర్యవేక్షణ కమిషన్ వీటిని అచ్చు వేయొద్దని మీడియాను కోరింది. మాక్రాన్ 66 శాతంతో గెలిచాడు.

ఇక ఫోన్. నిఘా సంస్థలకు అన్నింటికంటే చెయ్యి కట్టేసినట్టుండేది ఇక్కడే. 2016 మే 21న హ్యూస్టన్‌లో ఒక ఇస్లామిక్ కేంద్రం ముందు వీధికి అటూ ఇటూ రెండు గుంపులు నిలబడి అరుచుకున్నాయి. ఒకరిని పిలిచింది "హార్ట్ ఆఫ్ టెక్సాస్" అనే ఫేస్‌బుక్ పేజీ, ఇంకొకరిని పిలిచింది "యునైటెడ్ ముస్లిమ్స్ ఆఫ్ అమెరికా". రెండు పేజీలూ నడిపింది రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దొంగ ఖాతాలు నడిపే ఇంటర్నెట్ రీసెర్చ్ ఏజెన్సీ. ప్రకటనలకు అయిన ఖర్చు సుమారు 200 డాలర్లు. వచ్చినవాళ్లందరూ అసలు అమెరికన్లు, అరిచినవి వాళ్ల సొంత అభిప్రాయాలు. వాటిని ఆపే హక్కు ఏ నిఘా సంస్థకూ లేదు, ఉండకూడదు కూడా. డల్లాస్‌లో ఉండే తెలుగాయన ఒక వీడియోను తన వాట్సాప్ గ్రూపులో పెడితే అది ఆయన హక్కు. సంస్థ చూడాల్సింది మాట కాదు, మాట్లాడుతున్నది ఎవరన్నది. లాగిన్ ఏ దేశం నుంచి, ప్రకటనకు డబ్బు ఎవరి కార్డు నుంచి, ఒకే ఫోన్ నుంచి ఎన్ని ఖాతాలు. ఆ ఆనవాళ్లు కంపెనీలకు ఇస్తే తీసేయాలో లేదో అవి తేల్చుకుంటాయి. 2018 నవంబరు ఎన్నికలకు కాస్త ముందు దర్యాప్తు సంస్థల సమాచారంతో ఫేస్‌బుక్ సుమారు 30 ఫేస్‌బుక్ ఖాతాలను, 85 ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను ఆపింది ఈ పద్ధతిలోనే.

ఎదురుదాడి కూడా ఉంటుంది. 2018లో ఫోన్లు, నెట్‌వర్క్‌ల మీద నిఘా పెట్టే ఎన్‌ఎస్‌ఏ, సైన్యం తరఫున సైబర్ దాడులు చేసే సైబర్ కమాండ్ రెండింటికీ జనరల్ పాల్ నకసోనే ఒక్కరే అధిపతి. రెండింటి మనుషులనూ కలిపి "రష్యా స్మాల్ గ్రూప్" కట్టాడు. వినేవాళ్లు ఒక చోట, కొట్టేవాళ్లు ఇంకో చోట ఉంటే కాగితం తిరిగేసరికే ఎన్నిక అయిపోతుంది. ఆతిథ్య దేశాల పిలుపు మీద ఉక్రెయిన్, మాంటెనీగ్రో, ఉత్తర మాసిడోనియాలకు బృందాలను పంపి, రష్యన్ మాల్‌వేర్‌ను అక్కడి నెట్‌వర్క్‌ల్లోనే పట్టుకుని, నమూనాలు బహిరంగంగా పెట్టారు. పోలింగ్ రోజున ఇంటర్నెట్ రీసెర్చ్ ఏజెన్సీకి నెట్ కట్ చేశారు. ఇది కొద్ది రోజుల ఊరటే తప్ప శాశ్వత మందు కాదు. ఓట్ల లెక్కింపు నాడు పుకార్లు పుట్టకుండా ఆ కొద్ది రోజులే కావాలి అన్నది లెక్క.

ఇప్పుడు అసలు చిక్కు. తెలిసింది ఎప్పుడు చెప్పాలి? 2016 అక్టోబరు 7 మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో, ఈ చోరీల వెనుక రష్యా ప్రభుత్వం ఉందని హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ, జాతీయ నిఘా డైరెక్టర్ కార్యాలయం ఉమ్మడి ప్రకటన ఇచ్చాయి. అరగంటకు ట్రంప్ ఆడవాళ్ల గురించి అసభ్యంగా మాట్లాడిన పాత టేపు బయటపడింది. ఇంకో అరగంటకు పొడెస్టా మెయిళ్లు వికీలీక్స్‌లో పడ్డాయి. ప్రకటన ఎవరికీ గుర్తులేకుండా పోయింది. ఎవరికో మేలు చేస్తున్నట్టు కనిపిస్తామన్న భయంతో నెలలు ఆగితే, చెప్పే రోజును మనం కాకుండా వార్తలే ఎంచుకుంటాయి.

ఈ భయానికి విరుగుడు నియమాలు ముందే రాసి పెట్టుకోవడం. అమెరికాలో తర్వాత ఒక పద్ధతి కట్టారు. 2024 ఎన్నికల నాటికి అనుమానం మొదట నిపుణుల బృందానికి వెళ్లేది: ఇది విదేశీదేనా, ఆధారం ఎంత గట్టిది? తర్వాత పై అధికారుల బృందం: బాధితుడికి మాత్రమే చెప్పాలా, జనానికా? చెబితే సమాచారం ఇచ్చిన మనిషికి ముప్పా? వంద మంది చూసిన అబద్ధాన్ని మన ప్రకటన కోటి మందికి చేరుస్తుందా? చివరకు సంస్థల అధిపతులు. 2024లో పోలింగ్‌కు 100 రోజులు, 45 రోజులు ఇలా ముందే వేసుకున్న తేదీలకు వివరాలు విడుదల చేశారు. తేదీ ముందే ఖరారై ఉంటే, ఎవరికి లాభమని ఈ రోజు చెప్పారన్న ప్రశ్నకు పస తగ్గుతుంది.

వేగానికి మంచి ఉదాహరణ 2024 అక్టోబరు 24. పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీలో ట్రంప్‌కు పడిన పోస్టల్ బ్యాలెట్లు చింపేస్తున్నట్టు ఒక వీడియో వచ్చింది. కొన్ని గంటల్లోనే కౌంటీ ఎన్నికల బోర్డు, ఆ కవర్లు తమవి కావని తేల్చేసింది. మర్నాడు ఎఫ్‌బీఐ, సిసా, జాతీయ నిఘా డైరెక్టర్ కార్యాలయం కలిసి ఇది రష్యన్ల తయారీ అన్నాయి. కవరు ఎలా ఉంటుందో వాషింగ్టన్ కంటే కౌంటీ గుమస్తాకే బాగా తెలుసు. "ఇది అబద్ధం" అనే మాట స్థానిక అధికారి నోట, "చేసింది ఫలానా దేశం" అనే మాట నిఘా సంస్థ నోట రావాలి. రెండూ పైనుంచే వస్తే సగం మంది నమ్మరు.

కెనడా ఈ పని ఐదుగురు సీనియర్ సివిల్ సర్వెంట్ల ప్యానెల్‌కు అప్పగించింది. ఎన్నికల స్వేచ్ఛకే ముప్పు అనిపిస్తేనే వాళ్లు ప్రకటన చేయాలి. గీత అంత ఎత్తులో ఉండటంతో 2019లో, 2021లో ఒక్క ప్రకటనా రాలేదు. జోక్యం మాత్రం జరిగిందని జస్టిస్ హోగ్ విచారణ తర్వాత తేల్చింది. రొమేనియాది రెండో కొస. 2024 నవంబరు 24న తొలి విడతలో టిక్‌టాక్ ఊపుతో కలిన్ జార్జెస్కు ముందుకొచ్చాడు. నిఘా పత్రాలు బయటపెట్టింది డిసెంబరు 4న. 6న రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికనే రద్దు చేసింది, అప్పటికే విదేశాల్లోని ఓటర్లు రెండో విడత ఓట్లు వేయడం మొదలుపెట్టారు. కేవలం రహస్య నిఘా సమాచారం మీదే ఇలాంటి రద్దు నిలబడకూడదని యూరప్ రాజ్యాంగ నిపుణుల సలహా సంఘం వెనిస్ కమిషన్ 2025 జనవరిలో చెప్పింది. సబబైన మాట. ఓటరు చూడలేని ఆధారంతో ఓటును కొట్టేస్తే దాడి చేసినవాడు కోరుకున్నదే జరుగుతుంది.

అధిపతి పని గురించి ఒక మాట. అంచనాలో "గట్టి నమ్మకం", "ఓ మోస్తరు నమ్మకం" అన్నవి అలంకారాలు కావు. 2017 జనవరి అంచనాలో, పుతిన్ ట్రంప్ గెలుపుకు సాయపడాలనుకున్నాడన్న ఒక్క అంశం మీద సీఐఏ, ఎఫ్‌బీఐ గట్టి నమ్మకం అంటే, ఎన్‌ఎస్‌ఏ ఓ మోస్తరు అంది. ఆ తేడాను చెరిపేయకుండా అచ్చు వేశారు. అది మంచి పని. అయినా ఆ పత్రాన్ని హడావుడిగా తయారు చేశారన్న విమర్శ 2025లో సీఐఏ సొంత సమీక్షలోనే వచ్చింది. 2020లో ఇంకో రకం తప్పు: రష్యా నిపుణులు, చైనా నిపుణులు ఒకే రకం పనికి వేర్వేరు మాటలు వాడారని విశ్లేషణల మీద ఫిర్యాదులు చూసే నిఘా వ్యవస్థ అంబుడ్స్‌మన్ ఎత్తిచూపాడు. ఒకరు జోక్యం అన్నది ఇంకొకరికి ప్రభావం. మాటల అర్థాలు మొదటి రోజే గోడ మీద రాసి పెట్టకపోతే, ఏ దేశం ఎంత తప్పు చేసిందన్నది ఆ దేశం చూసే విభాగం అలవాటును బట్టి మారిపోతుంది. చెడు వార్త తెచ్చిన మనిషిని పాలకుల కోపం నుంచి కాపాడటం ఇంకా కష్టం. 2020 ఫిబ్రవరిలో రష్యా మీద ప్రతినిధుల సభ కమిటీకి చెప్పించిన కొద్ది రోజులకే తాత్కాలిక నిఘా డైరెక్టర్ జోసెఫ్ మాగ్వైర్ కుర్చీ పోయింది.

కట్టిన ఈ వ్యవస్థలో కొంత 2025లో విప్పేశారు. ఎఫ్‌బీఐ విదేశీ ప్రభావ టాస్క్‌ఫోర్స్ ఫిబ్రవరిలో రద్దయింది, ఈఐ-ఐసాక్‌కు సిసా డబ్బు ఆగింది. చిన్న కౌంటీలు ఇప్పుడు సొంత జేబుతోనో, రాష్ట్ర నిధులతోనో చూసుకోవాలి.

భారత్ సంగతి అడుగుతారు కాబట్టి: 2024 మేలో స్టాయిక్ అనే ఇజ్రాయెల్ సంస్థ మన ఎన్నికల మీద బీజేపీని తిడుతూ, కాంగ్రెస్‌ను పొగుడుతూ కామెంట్లు పుట్టించడం మొదలుపెడితే 24 గంటల్లోపే ఆపామని ఓపెన్‌ఏఐ ప్రకటించింది. దాన్ని నిజంగా చూసినవాళ్లు చాలా తక్కువ. పట్టుకున్నది ప్రైవేటు కంపెనీ అన్నది గమనించాలి.

అమెరికాలో ఓటున్న తెలుగువాళ్లకు పనికొచ్చేది ఒకటుంది. నమోదు సరిగ్గా ఉందో లేదో మెసేజ్‌లో వచ్చిన లింక్ నొక్కి కాకుండా కౌంటీ సైట్ చిరునామా మీరే టైప్ చేసి చూడండి, పోలింగ్‌కు నెల ముందు ఒకసారి, వారం ముందు ఇంకోసారి. కేంద్రంలో పేరు లేదంటే ఇంటికి రావద్దు, ప్రొవిజనల్ బ్యాలెట్ అడగండి. బ్యాలెట్లు చింపే వీడియో గ్రూపులో కనిపిస్తే, ఫార్వర్డ్ చేసే ముందు ఆ కౌంటీ ఎన్నికల ఆఫీసు పేజీ తెరిచి, మీ ఇంటికి వచ్చిన కవరును పక్కన పెట్టి పోల్చి చూడండి.